కుర్చీ కాలు మీరు బిగించకండి

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నాను, రేపు మధ్యాహ్నానికి గానీ రాను. వంటింటి కుర్చీ ఊగుతోంది. స్క్రూ నేనే వదులు చేశాను, మీరు బిగించకండి. పదింటికి కింది వాటాలో వడ్రంగి బాబాయిగారిని పిలవండి. పండగ సెలవులని కలప అడితి సోమవారం దాకా మూసేశారు. అక్కడికెళ్లి కూర్చుంటే తప్ప ఆయనతో మాట్లాడే మనిషి లేడు.

ఆయన చేతులు వణుకుతాయి, గంట పడుతుంది. "ఇలా ఇవ్వండి, నేను చేస్తా" అనకండి. పక్కన కూర్చుని టార్చి పట్టుకోండి. భోజనానికి ఉండమనండి. మొహమాటపడితే కంచం పెట్టేయండి.

పోయిన సెలవుల్లో పనిముట్ల సంచీ మోసుకుని మెట్లెక్కి వచ్చారు. మీరు గుమ్మంలోనే "నేను బిగించేశాను లెండి" అని పంపేశారు. మీకు గుర్తుండదు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన తలుపు తీయలేదు.

ఇంకో మాట. నిన్న నన్ను మెట్ల దగ్గర ఆపి, "ఈ సెలవులెప్పుడు అయిపోతాయమ్మా?" అని అడిగారు.

"ఇవాళేగా బాబాయిగారూ మొదలయ్యాయి" అన్నాను.

"ఓహో, ఇవాళేనా" అని లోపలికెళ్లి గడియ పెట్టుకున్నారు. అప్పటికి సాయంత్రం నాలుగు కూడా కాలేదు.