ఏడు పోగులు

నవంబర్ 6, ఆదివారం

తమ్ముడు షిబి పెళ్లి ఖాయమైంది. జనవరి 16, సోమవారం. అమ్మాయి పేరు ట్రీసా, నర్సరీ స్కూల్లో ఆయా. మావాడిది గూడ్స్ ఆటో. ఈడూ జోడూ కుదిరింది. పెళ్లికూతురి తల మీద కప్పే మంత్రకోడి చీర కొనాల్సింది మగపెళ్లివాళ్లు, అంటే మేము. అంటే నేను. వాడికి చేచిని, నాన్న పోయాక ఇంటికి పెద్దదాన్ని. పైగా పద్నాలుగేళ్లుగా కొట్టాయంలో బట్టల షాపులో మంత్రకోడి కౌంటర్ దగ్గరే నిలబడుతున్నాను. నిలబడటమే. కూర్చోడానికి స్టూల్ ఇవ్వరు. సగం ఊరి పెళ్లికూతుళ్ల చీరలు నా చేతుల మీదుగా వెళ్లాయి. నా తల మీదకి ఒక్కటీ రాలేదు. ముప్పై తొమ్మిదేళ్లు. సరే.

కొడుకు పెళ్లని అమ్మచ్చి సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆ వెంటనే తన మంత్రకోడి గుర్తొచ్చింది. తను పోయినప్పుడు అదే కట్టి శవపెట్టెలో పెట్టాలని నాలుగువందోసారి చెప్పింది. మా ఆడవాళ్లందరికీ అదే పట్టింపు. పెళ్లి చీరలో గడప దాటి రావాలి, పెళ్లి చీరలోనే సమాధిలోకి పోవాలి.

నవంబర్ 13

ట్రీసా మేనత్త ఫోన్ చేసింది. వాళ్లింట్లో పాతిక వేలకు తక్కువ చీర ఎవరూ కప్పుకోలేదట. మీకు షాపులో చవగ్గానే వస్తుందిలెండి అని ఒక నవ్వు. ఆ నవ్వు చెవిలో జోరీగలా తిరుగుతోంది.

సాయంత్రం ట్రీసా తనే ఫోన్ చేసి, ఏదైనా పర్లేదు చేచీ, తెల్లగా ఉంటే చాలు అంది. ఆడపిల్లలు అలాగే అంటారు. నమ్మలేదు.

నవంబర్ 20

షిబి ఇచ్చింది పన్నెండు వేలు. నాకు నచ్చింది స్టాఫ్ డిస్కౌంట్ పోను పందొమ్మిది. పదకొండు వేలలో మంచివే ఉన్నాయి. కట్టుకుంటే పాతిక వేల చీరలా ఉంటుందని నేనే రోజుకు పదిమందికి చెప్పి అమ్ముతాను. నాకు నేను చెప్పుకుంటే మాత్రం ఎక్కడం లేదు. ఊరందరికీ మంత్రకోడి చూపించే రోసిలి సొంత మరదలికి ఏం తెచ్చిందో చూద్దామని అందరూ అంచు పట్టుకుని చూస్తారు. ఆ మేనత్త అందరికంటే ముందు చూస్తుంది.

నవంబర్ 25

అమ్మేశాను. అమ్మచ్చిది.

లంచ్ టైమ్‌లో పాత జరీ కొనేవాణ్ణి ఇంటికి రమ్మన్నాను. అమ్మచ్చి నిద్రపోతోంది. ట్రంకు పెట్టెలో లవంగాల మధ్య ఉంది చీర. నలభై రెండేళ్ల నాటిది, అసలు వెండి జరీ. వాడు వసారాలో కూర్చుని జరీ పోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చాడు. దారం మాడిపోయి వెండి మిగిలింది. తలాడించాడు. కరిగించడానికేనా అని అడిగాను. మరి కట్టుకోడానికా అన్నాడు. ఏడు వేలు ఇచ్చాడు.

అమ్మచ్చికి షుగర్‌తో చూపు సగం పోయింది. మంచం దిగదు. ఇంకా రెండు మూడేళ్లకు ఢోకా లేదన్నాడు డాక్టర్. ఈలోపు అలాంటిదే ఒకటి కొని పెట్టెలో పెట్టేస్తాను. ఇది దొంగతనం కాదని మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశాను.

నవంబర్ 26

చీర కొన్నాను. చాలా బాగుంది.

డిసెంబర్ 11

వానలు వెనకబట్టాయి. అమ్మచ్చి తన చీర ఎండలో వేయమంది. ప్రతి ఏడాదీ వేయిస్తుంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. కొత్త చీర పెరట్లో కాసేపు ఆరేసి, మడతపెట్టి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. తెలుపు తెలుపే, జరీ జరీయే, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

మర్చిపోయాను. పద్నాలుగేళ్లు ఆ కౌంటర్ దగ్గర నిలబడీ మర్చిపోయాను. షాపులో చీరకు పోగులన్నీ ఉంటాయి. పెళ్లైన చీరకు ఉండవు. పెళ్లి ముందు రోజు మంత్రకోడిలోంచి ఏడు పోగులు లాగి పేనుతారు. మెడలో తాళి కట్టేది ఆ దారంతోనే. పోగులు పోయిన చోట సన్నటి సందు అలాగే ఉండిపోతుంది.

అమ్మచ్చి వేళ్లు కొంగు అంచంతా తడిమాయి. ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్లీ ఆ చివరకి.

"ఇది ట్రీసాది కదే," అంది. "బాగుంది. మాసిపోకుండా దాచు."

తనది ఏదని అడగలేదు.

డిసెంబర్ 18

ఇంకా అడగలేదు.

డిసెంబర్ 25

అప్పాలు, మాంసం కూర. అమ్మచ్చి సగం అప్పం తింది. షిబిని ఆటపట్టించింది, పక్కింటావిడతో గంటసేపు కబుర్లు చెప్పింది. చీర మాట మాత్రం ఎత్తలేదు. నాలుగువందల సార్లు చెప్పిన మనిషి. తిట్టినా బాగుండేది. రెండుసార్లు మంచం దగ్గరకు వెళ్లి నోరు తెరిచాను. కాఫీ కావాలా అని అడిగి వచ్చేశాను.

జనవరి 5, పొద్దున్న 6

అమ్మచ్చి పోయింది. కాఫీ తీసుకెళ్తే చెయ్యి చల్లగా ఉంది. రెండు మూడేళ్లన్నాడు ఆ డాక్టర్.

జనవరి 6

అమ్మచ్చి అక్క, మాకు పెద్దమ్మ, ఏలికుట్టి పేరమ్మ దగ్గరుండి స్నానం చేయించింది. తర్వాత మంత్రకోడి తెమ్మంది. గది నిండా ఆడవాళ్లు. ట్రీసా, ఆమె మేనత్త కూడా వచ్చారు. నేను కొత్త చీర తెచ్చి ఇచ్చాను. ఇంకేం తెచ్చేది. పేరమ్మ మడత విప్పి, అంచు చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. దీనికి పోగులు తీయలేదేమిటే రోసిలీ అని అడిగింది.

చెప్పేశాను. అందరి ముందూ. కరిగించేవాడికి అమ్మానని, ఏడు వేలకని, అమ్మచ్చికి తెలిసిపోయిందని కూడా. గుమ్మంలో షిబి విన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి వెళ్లిపోయాడు. మేనత్త అందుకుంది. శవానికి కట్టాక ఆ చీర పిల్లకెలా కప్పుతారు, ఆవిడకు మామూలు చీర కట్టి పంపండి, పోయినవాళ్లకేం తెలుస్తుంది అంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నవంబర్‌లో నేను అనుకున్నదీ అదే మాట.

ట్రీసా లేచి వచ్చి పేరమ్మ చేతిలోంచి చీర తీసుకుని నాకిచ్చింది.

"ఏడు పోగులు తీసి నాకివ్వండి చేచీ. చీర అమ్మచ్చికి కట్టండి."

నేనే తీశాను. రెండు తెగిపోయాయి, తొమ్మిది లాగాల్సి వచ్చింది. కట్టాం. అంచులో సందు ఉంది. చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. ట్రీసా ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించే ధైర్యం చేయలేదు.

జనవరి 16

పెళ్లి జరిగింది. ఆపితే ఉపవాస దినాలు అడ్డొచ్చి మళ్లీ ఈస్టర్ దాటాలి, జరిపించేయండన్నారు ఫాదర్. బ్యాండ్ లేదు, విందు లేదు. తాళి కట్టింది ఆ ఏడు పోగుల దారంతోనే. షిబి తొమ్మిది వందల చేనేత చీర తనే కొనుక్కొచ్చి కప్పాడు. నన్ను అడగలేదు. తెల్లగా ఉంది. ఆ పిల్ల మొదట్లోనే నిజం చెప్పింది. అంచు పట్టుకుని ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి 9

కరిగించిన జరీ వెండితో ఎక్కువగా పట్టీలే చేస్తారట. ఎవరైనా పట్టీల చప్పుడుతో షాపులోకి వస్తే ఏం కావాలని అడగడం మర్చిపోయి కాళ్లే చూస్తున్నాను. ఇవాళ ఒక చంటిపిల్ల వచ్చింది, కొత్త పట్టీలు. నేల మీద కూర్చుని ముట్టుకోబోయాను. వాళ్లమ్మ పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది.