వెనక్కి ఎంత దూరం

బాగలూరు,
శుక్రవారం.

చిరంజీవి కావ్యశ్రీకి అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నాన్న, అవ్వ, నేను బాగున్నాం. నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటేనే మాకు ముద్ద దిగుతుంది.

అవ్వ మోకాళ్ల సంగతి అడిగావు. మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరూ అలాగే ఉంది. ఈసారి చదువు కోసం నువ్వు ఫోన్ ఆపేశాక, "కలెక్టరయ్యేదానికి అవ్వతో మాట్లాడకూడదని రూలుందా?" అని నన్ను సతాయిస్తోంది.

ఇక కరెంట్ అఫైర్స్ కోసం నువ్వు అడిగిన పాత పేపర్లు. మొదట ఒక ఏడాదివి అడిగావు. కావలసినవి కత్తిరించి, అంటించి, తేదీల వారీగా సర్ది చెన్నై బస్సులో నీకు పంపాను. తర్వాత అంతకు ముందు ఏడాదివి, ఆపైన దానికీ ముందువి. ఇంట్లో అయిపోతే, రోజాకట్టలకు చుట్టడానికి నాన్న పూల షెడ్లలో పడేసిన కాగితాల్లో వెతికి తీశాను. ఒక సంగతి అర్థం కావాలంటే దాని వెనకటిది తెలియాలన్నావు. సబబుగానే తోచింది. ఈసారి ఇంకా వెనకటివి అడిగేసరికి భయం వేసి కృష్ణగిరి వెళ్లాను. పరీక్ష పాసై అక్కడ ఉద్యోగం చేస్తున్న మీ సీనియర్ ప్రతిభను అడిగాను.

"పరీక్షకు ముందు ఏడాది చాలు ఆంటీ. మరీ భయమైతే ఏడాదిన్నర. ఏదన్నా పాత సంగతి కావాల్సొస్తే దానికి మాత్రం వెనక్కి పోయి చూసుకుంటే సరి. నేనట్లే చదివినాను. అవునూ, మాక్ టెస్టులు రాస్తా ఉందా?" అంది.

"రాస్తా ఉంటాదిలేమ్మా" అన్నాను. ఆ మాట అని, ఇంకేం అడుగుతుందోనని గబగబా బస్టాండుకు వచ్చేశాను.

అందుకే పేపర్లు పంపడం లేదు. అన్నీ పూలకట్టలకు వాడుకోమని నాన్నకు ఇచ్చేశాను.

ఇది ఎలా రాయాలో తెలియక ఇంతసేపు ఏవేవో రాశాను. పోయినసారి పరీక్షరోజు నేను చెన్నైలో ఉన్నాను. మీ పిన్ని ఊరికని నాన్నకు చెప్పి బస్సెక్కాను. నువ్వు గేటు లోపలికి పోవడం చూసి, నీకు తెలియకుండా తిరిగి వచ్చేద్దామనుకున్నాను. నువ్వేమో ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని, నేను అంటించి పంపిన కాగితాలే తిరగేస్తున్నావు. గేటు మూసేశారు. నువ్వు తల ఎత్తలేదు.

నీ దగ్గరికి రాలేకపోయాను. తర్వాత ఫలితాలు వచ్చినప్పుడు నువ్వు ఫోన్‌లో "రెండు మార్కుల్లో పోయిందమ్మా" అంటే "పోనీలే" అన్నాను. నాన్న ఆ రెండు మార్కుల సంగతి ఇప్పటికీ పూలమార్కెట్లో అందరికీ చెప్పుకుంటున్నాడు.

కావ్యా, నేను ఎన్ని పంపితే అంత వెనక్కి పోతున్నావు. సాయమనుకుని నేనే నిన్ను తోస్తున్నానేమో. ఇది నీకు చివరి అవకాశం. ఈసారి నాన్నకు చెప్పే వస్తాను, గేటు దాకా నీ చెయ్యి పట్టుకుని నడుస్తాను. లోపల ఒక్క జవాబూ పెట్టకుండా కూర్చుని వచ్చినా ఏమీ అనను. అదీ నీ వల్ల కాదంటే ఆ ముక్కే రాయి, మరునాడే వచ్చి ఇంటికి పిలుచుకొస్తాను. నాన్నకు నేను చెప్పుకుంటాను. ఏదో ఒకటి రాయి తల్లీ. పాసవుతానని మాత్రం రాయొద్దు.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా మనసు నిలవని
మీ అమ్మ
మంజులమ్మ