ప్రశాంతి నాకేమీ కాదు

క్రైస్ట్‌చర్చ్, న్యూజిలాండ్
మార్చి 3

శ్రీమతి ప్రమీలారాణి గారికి,
నమస్కారములు.

మాది ఇక్కడ ఇళ్ళు కొనుక్కునేవారికి అప్పులిచ్చే సహకార సంఘం. రేపల్లెలో మీ ఇంటి పై గదిలో అద్దెకున్న కుమారి ప్రశాంతి గారు ఇప్పుడు ఈ ఊరి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నారు. ఒక చిన్న ఇల్లు కొనడానికి మాకు దరఖాస్తు పెట్టారు. ఆవిడ ఈ దేశానికి కొత్త. అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర ఇక్కడ ఏమీ లేదు. అలాంటివారి విషయంలో పాత ఇంటి ఓనరు రాసిన ఉత్తరాన్ని మేం లెక్కలోకి తీసుకుంటాం.

ఆవిడ అద్దె సక్రమంగా కట్టేవారా, నమ్మదగిన మనిషేనా అన్నది మీ చేత్తో రాసి, సంతకం చేసి పంపగలరు. ఫోన్లో ఫొటో తీసి పంపితే చెల్లదు, అసలు కాగితమే రావాలి. ఇల్లు అమ్మేవారు మే నెలాఖరు వరకే ఆగుతామన్నారు.

భవదీయుడు,
కృష్ణచైతన్య
రుణాల అధికారి

తా.క. నాది చేబ్రోలు. తెలుగువాళ్ళ ఫైళ్ళన్నీ అందుకే నా బల్ల మీదికి వస్తాయి.

---

రేపల్లె
మార్చి 15

చిరంజీవి కృష్ణచైతన్యకి ప్రమీలారాణి ఆశీస్సులు.

చేబ్రోలు అబ్బాయినన్న ముక్క అడుగున రాశావు. అదే ముందు రాసుంటే పైదంతా అంత భయపడుతూ చదివేదాన్ని కాదు.

ప్రశాంతి గురించి నన్ను అడుగుతావేంటి? అది మా పిల్ల. అడవులదీవి నుంచి ట్రంకుపెట్టె మోసుకుని వచ్చిన రోజు నుంచీ నన్ను పిన్నీ అనే పిలిచింది. పొద్దున్నే రైలెక్కి తెనాలి వెళ్ళి నర్సింగు చదివింది. తర్వాత బాపట్లలో ఉద్యోగమొచ్చినా నా గది వదల్లేదు. ఒకటో తారీఖున అద్దె నా కుట్టుమిషన్ మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన కత్తెర పెట్టి వెళ్ళేది. తుఫానుకి వాళ్ళ నాన్న పడవ పగిలిన నెల డబ్బు అందలేదు. ఈ నెల వద్దులేవే అంటే వినలేదు. సెలవు రోజుల్లో కూర్చుని నేను కుట్టిన జాకెట్లకి హుక్కులు కుట్టి తీర్చింది. ఆ హుక్కులు ఇప్పటికీ ఊడలేదు. దానికి అప్పివ్వకపోతే ఇంకెవరికిస్తారయ్యా మీరు?

ఇట్లు,
ప్రశాంతి వాళ్ళ పిన్ని,
ప్రమీలారాణి

తా.క. అది చలిదేశమట కదా, వేళకి తింటున్నావా? నేను పెట్టిన గోంగూర పచ్చడి ప్రశాంతి దగ్గరుంది. అడుగు, ఇస్తుంది.

---

క్రైస్ట్‌చర్చ్
మార్చి 27

గౌరవనీయులైన ప్రమీలారాణి గారికి,

మీ ఉత్తరం చాలా బాగుంది. ఇబ్బంది కూడా అదేనండి. ‘మా పిల్ల’ అన్నారు, ‘పిన్ని’ అని సంతకం పెట్టారు. మా నిబంధనల ప్రకారం బంధువులకి కట్టిన అద్దె అద్దె కాదు. బంధువులు మెచ్చుకుంటే అది సాక్ష్యం కాదు. పచ్చడి ప్రస్తావన వల్ల బంధుత్వం మరింత బలపడిందని మా మేనేజరు గారు అభిప్రాయపడ్డారు.

దయచేసి బంధువులు కాని మరో ఇద్దరి చేత రాయించి పంపండి.

భవదీయుడు,
కృష్ణచైతన్య

తా.క. దరఖాస్తుదారుల దగ్గర మేం ఏమీ తీసుకోకూడదు. కాబట్టి పచ్చడి అడగలేను. పండుమిరపకాయలతో పెట్టారా, ఎండుమిరపకాయలతోనా అన్నది తెలిస్తే చాలు.

---

రేపల్లె
ఏప్రిల్ 7

చి. కృష్ణచైతన్యకి,

పిన్నీ అని పిలిస్తే కట్టిన అద్దె చెల్లకుండా పోతుందా? అయితే మా వీధిలో ఇంతవరకూ ఎవ్వరూ ఎవ్వరికీ అద్దె కట్టనట్టే. సరే, పిల్ల పని ఆగిపోతుందని ఓర్చుకుని, బయటివాళ్ళ దగ్గరికే వెళ్ళాను. చుట్టరికం ఉండకూడదట, జాగ్రత్తగా రాయండని పక్కన నిలబడి మరీ రాయించాను.

తెనాలి స్టేషను దగ్గర టిఫిన్ హోటల్ సుందరయ్య ఇలా రాశాడు: “మా మేనకోడలు ప్రశాంతి చదువుకున్నన్నాళ్ళూ నా దగ్గరే ఇడ్లీ తిన్నది. ఒక్కరోజు కూడా అరువు పెట్టలేదు.” బాపట్ల ఆసుపత్రిలో పెద్ద నర్సు మస్తానమ్మ ఇలా రాసింది: “నా చెల్లెలు ప్రశాంతి మందుల బీరువా తాళాలు నాకన్నా భద్రంగా చూసేది.” ఇద్దరివీ జతచేశాను. ఇక నువ్వు వంక పెట్టడానికేమీ లేదు.

ఇట్లు,
ప్రమీలారాణి (పిన్ని అని రాయలేదు, చూసుకో)

తా.క. పండుమిరపకాయలే.

---

క్రైస్ట్‌చర్చ్
ఏప్రిల్ 18

ప్రమీలారాణి గారికి,

ఒక పిన్ని, ఒక మేనమామ, ఒక అక్క అయ్యారండి. ప్రశాంతి గారి ఫైలు మీద ఇప్పుడు ‘మొత్తం కుటుంబం’ అని రాశారు. ఇంతమంది బంధువులున్నప్పుడు వాళ్ళంతా తలా కాస్త వేసుకుని ఇల్లు కొనిపెట్టొచ్చు కదా అని మేనేజరు గారు అడిగారు.

గడువు దగ్గర పడుతోంది. పొగడక్కర్లేదు, వివరాలు అక్కర్లేదు. “ప్రశాంతి నాకేమీ కాదు” అని ఒక్క వాక్యం రాసి సంతకం చేయండి. మీ మొదటి ఉత్తరానికి దాన్ని పిన్ను చేసి, అప్పు మంజూరు చేయించే పూచీ నాది.

భవదీయుడు,
కృష్ణచైతన్య

తా.క. ఇది కాగితం వరకే కదండి.

---

రేపల్లె
మే 1

కృష్ణచైతన్యకి,

రాయను.

మీ మేనేజరు వచ్చి నా గుమ్మంలో కూర్చున్నా రాయను. ఆ పిల్ల విమానమెక్కిన రోజు నుంచీ పై గది ఖాళీగానే ఉంది. ఎంతమంది అడిగినా అద్దెకివ్వలేదు. నాకేమీ కానిదాని కోసం ఎందుకు ఖాళీగా ఉంచుకుంటాను? ఈ సంగతి ప్రశాంతికి ఫోన్లో చెప్తే, “రాసెయ్ పిన్నీ, కాగితం మీదేగా” అని పెట్టేసింది. ఆ పెట్టేసిన తీరు నాకు నచ్చలేదు. ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు చూసుకుంటుంది. ఆ మాట రాసిన చేత్తో నేను మళ్ళీ దానికి పచ్చడి పెట్టలేను.

అయినా నీకు కావలసింది ఆ వాక్యమే కాబట్టి, దాన్ని సంతోషంగా రాసే మనిషిని వెతికాను. ఈ చుట్టుపక్కల ఒక్కడే దొరికాడు, భట్టిప్రోలులో ఉండే నరసింహారావు గారు. బస్సెక్కి వెళ్ళి రాయించుకొచ్చాను. జతచేశాను, చదువుకో. ఆయన గురించి నేను ఒక్క ముక్క కూడా చెప్పను.

ఇట్లు,
ప్రశాంతి పిన్ని, ప్రమీలారాణి

తా.క. ‘పిన్ని’ కింద గీత గీశాను. చెరిపితే ఊరుకోను.

---

క్రైస్ట్‌చర్చ్
మే 10

ప్రమీలారాణి గారికి,

ధన్యవాదాలండి! నరసింహారావు గారు ఏం రాశారో మేనేజరు గారికి మాట పొల్లుపోకుండా వినిపించాను: “ఆ పిల్లతో నాకు గానీ నా ఇంటికి గానీ ఏ సంబంధమూ లేదు, ఉండబోదు. పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. తండ్రి పడవ పగిలినప్పుడు మనిషి చేత డబ్బు పంపితే తిప్పికొట్టింది. అంత పొగరు. ఎవరి ముందూ చెయ్యి చాపదు. ఇలాంటిదానికి అప్పిస్తే మీకు పోయేదేమీ లేదు.”

ఇంత నిష్పక్షపాతమైన సాక్షిని తన సర్వీసులో చూడలేదని మేనేజరు గారు అన్నారు. ఒక్క ఖాళీ మిగిలింది. ఆయన ప్రశాంతి గారిని ఎలా ఎరుగుదురో చెబితే పూరించేస్తాను.

భవదీయుడు,
కృష్ణచైతన్య

తా.క. కాగితం అడుగున ఆయన పెన్సిల్‌తో “అక్కడ చలి ఎక్కువట, ఇల్లు వెచ్చగా ఉంటుందా?” అని రాసి కొట్టేశారు. అది సంబంధం కిందికి రాదనుకుంటాను.

---

రేపల్లె
మే 18

చి. కృష్ణచైతన్యకి,

నీ ఖాళీ పూరించుకో. నరసింహారావు గారు ప్రశాంతికి సొంత మేనమామ. వాళ్ళమ్మ జ్యోతిలక్ష్మికి తోడబుట్టిన అన్న. పొలాలున్న ఇంటి పిల్ల అడవులదీవి వెళ్ళి, చేపల వేటకెళ్ళే అబ్బాయిని చేసుకుందని ఆ రోజు తలుపేసుకున్నాడు. ఇప్పటిదాకా తీయలేదు. ఉత్తరం రాసిన మా నలుగురిలో రక్తసంబంధం ఉన్నది ఆయనొక్కడికే. మీవాళ్ళు నమ్మింది కూడా ఆయన్నొక్కడినే.

ఇంకా విను. నీ ఉత్తరం కన్నా ముందే ఆయన రేపల్లె వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా, “ఆ కాగితం వెనక్కి తెప్పించమ్మా, మేనమామనని మార్చి రాస్తాను” అన్నాడు. అలా మారిస్తే పిల్ల ఇల్లు చెయ్యి జారిపోతుందండి అని చెప్పాను. తెలుసన్నాడు. కుర్చీలోంచి లేవలేదు. నేనిచ్చిన కాఫీ చల్లారిపోయింది.

కాబట్టి అబ్బాయ్, తెనాలి నుంచి బాపట్ల దాకా వెతికినా నీకా వాక్యం రాసేవాడు ఇక లేడు. మీ సంఘం ఏం చేసుకుంటుందో చేసుకోమను.

ఇట్లు,
ప్రమీలారాణి

తా.క. ఇల్లు వెచ్చగా ఉంటుందా? ఆయన మళ్ళీ అడిగాడు.

---

క్రైస్ట్‌చర్చ్
మే 27

ప్రమీలారాణి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాలన్నీ మొదటి నుంచీ మేనేజరు గారికి ఇంగ్లీషులో చదివి వినిపించాను. అంతా విని, “ఈవిడ ఆ అమ్మాయి తల్లికి చెల్లెలా?” అని అడిగారు. కాదన్నాను. “హోటల్ ఆయన?” కాదన్నాను. “పెద్ద నర్సు?” కాదన్నాను. “మరి ఇన్నాళ్ళూ నువ్వు చేసిన పనేంటి?” అన్నారు.

చేబ్రోలులో నేను అత్తా, మావయ్యా అంటూ పెరిగినవాళ్ళలో సగం మంది మాకు చుట్టాలే కారు. అక్కడ నాకు తెలిసిన సంగతే. ఇక్కడ బల్ల ముందు కూర్చున్నాక మర్చిపోయాను. సిగ్గుగా ఉంది.

మీ మొదటి ఉత్తరం ఉన్నదున్నట్టు చెల్లింది. అప్పు మంజూరైంది. ఇల్లు ప్రశాంతి గారిదే. వెచ్చగానే ఉంటుంది, హీటరు నేను స్వయంగా వెళ్ళి చూశాను. నరసింహారావు గారి ఉత్తరం మాత్రం తిరస్కరించక తప్పలేదు. సీలు వేసిన కాగితం తెలుగు అనువాదంతో జతచేశాను: “ఈ సాక్షి దరఖాస్తుదారుకు సమీప బంధువైనందున వీరి ఉత్తరం చెల్లదు.” ఆయన్ని నొచ్చుకోవద్దనండి.

మీ
కృష్ణచైతన్య

తా.క. నేనూ ఈ దేశానికి కొత్తే. ఇంకా అద్దింట్లోనే ఉంటున్నాను. నేనూ ఒక ఇల్లు చూసుకున్నాను. వేరే బ్యాంకువాళ్ళు నా గురించి మన ప్రాంతం నుంచి ఒక ఉత్తరం అడుగుతున్నారు. మీరు రాస్తారా?

---

రేపల్లె
జూన్ 9

చి. కృష్ణచైతన్యకి పిన్ని ఆశీస్సులు.

నొచ్చుకోవడమా? నరసింహారావు గారు ఆ కాగితం నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. ‘సమీప బంధువు’ దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆపేవాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నేరుగా అడవులదీవి బస్సెక్కాడు. కుట్టుమిషన్ మూసేసి నేనూ ఎక్కాను. అది చూడకుండా ఉండడం నా వల్ల కాదు.

జ్యోతిలక్ష్మి వాకిట్లో చేపలు ఎండేస్తోంది. ఆయన జేబులోంచి కాగితం తీసి చాపాడు. ఆమె చేతులు తుడుచుకుని నిదానంగా చదివింది. చదివి, “దీనికి సీలు కూడా కావాల్సొచ్చిందా అన్నయ్యా?” అంది. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నాకేం సంబంధమని అడగకు.

ఇట్లు,
ప్రమీలారాణి

తా.క. నీ ఉత్తరం రాసి జతచేశాను. నువ్వు మా ఇంట్లో ఉండలేదు కాబట్టి అద్దె గురించి రాయలేదు. తప్పు తెలియగానే ఒప్పుకునే పిల్లాడివని రాశాను. నువ్వు నాకేమవుతావో కూడా చివర్లో రాశాను. చెల్లదంటే, ఆ ముక్క కాగితం మీద రాసి, సీలు వేసి నాకు పంపమను.