పాత ప్రతుల్లో లేని కథ

1926 జనవరి 10, ఆదివారం

అప్ప ఊళ్ళో నిలిచేటట్టే ఉంది!

మా అక్క గంగప్ప మొగుణ్ణి వదిలి రోడ్డుపని మేస్త్రీ వెంట పార్వతీపురం వెళ్ళి, కోతల వేళకి ఒంటరిగా తిరిగొచ్చింది. అప్పటినుంచి ఊరంతా వెలి, వెలి అంటోంది. వెలి అంటే ఆమె పొయ్యికి ఎవరూ నిప్పు ఇవ్వరు. ఇచ్చినవాడూ వెలే. బాప్తిస్మం పుచ్చుకున్నాం గాని ఈ కట్టు మాత్రం వదల్లేదు.

ఇవాళ ప్రార్థనలో ఉపదేశి సోంబరు మావ, రంకులో పట్టుబడ్డ ఆడమనిషి కథ చదివాడు. మీలో తప్పు చెయ్యనివాడు ముందు రాయి విసరమని ప్రభువు అన్న కథ. ఊరిపెద్ద భీముడు తల దించుకున్నాడు. అప్ప వెలి సంగతి వచ్చే ఆదివారం తేలుస్తానన్నాడు. బయటికొచ్చాక అప్ప, ఏట్రా గుంటడా, నోరెల్లబెట్టి సూత్తన్నావు, ఈగలెల్తాయి అంది. ఎన్నాళ్ళకో నవ్వింది.

జనవరి 11

సంతకు ఉప్పు తెచ్చే సాలూరు బండివాడు నాకోసం కొత్త పాంఫ్లెట్ తెచ్చాడు. చదివాక ఒళ్ళు మండిపోయింది. సువార్తలు వందల ఏళ్ళు చేత్తో నకళ్ళు రాసుకున్నవట, నకలుకీ నకలుకీ తేడాలట. ఆ ఆడమనిషి కథ బాగా పాత ప్రతుల్లో లేనే లేదట. ఫ్రాడ్! సాలూరు వెళ్ళి మిషన్ దొర చేతే ఈ కాగితాన్ని చింపిస్తాను.

జనవరి 14, సాలూరు

దొర కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

తన ఇంగ్లీషు బైబిలు తెచ్చి వేలు పెట్టి చూపించాడు. కథ మొత్తం బ్రాకెట్లో ఉంది. పక్కన నోట్. పాత ప్రతుల్లో చాలావాటిలో ఇది లేదని దొరే తెలుగులో చెప్పాడు. తర్వాత ఎవరో చేర్చి ఉంటారట, అయినా జరిగిందే కావచ్చునట.

పైకి చదువుతుంటే బ్రాకెట్ వినిపించదు కదా! ఇన్నేళ్ళూ మాకు వినిపించలేదు.

జనవరి 17, ఆదివారం, మధ్యాహ్నం

చెప్పేశాను. సోంబరు మావ మళ్ళీ ఆ కథే ఎత్తుకోగానే లేచి, ఆపు, పాత ప్రతుల్లో ఇది లేదు, దొరే చూపించాడు, లేని మాట మీద న్యాయం నిలబెడతారా అని అరిచాను. సత్యం ముందు ఎవడైనా ఒకటే అని కూడా అన్నాను. నా గొంతు నాకే గొప్పగా వినిపించింది.

అయితే ఆ రాయి మాట పెబువు సెప్పనేదా అని భీముడు నెమ్మదిగా అడిగాడు.

ప్రూఫ్ లేదన్నాను.

మరింకేటి, మన సేతులు కట్టే మాటే నేదు అన్నాడు.

అప్ప వెలి.

నేనన్నది నిజమే. నిజమే! మరి ఇదేమిటి?

జనవరి 18

అప్ప పొయ్యిలో నీళ్ళు పోశారు.

జనవరి 19

అగ్గిపెట్టె పట్టుకెళ్ళాను. అప్ప ముట్టుకోలేదు. ఇన్ని కాయితాలు సదివినావు, అగ్గిపుల్ల గీసుకుంటే ఊరు నన్ను కలుపుకుంటాదని యే కాయితంలో ఉన్నాదిరా అంది. ఎవరో ఒకరు తమ పొయ్యిలోంచి తీసి ఇస్తేనే అది నిప్పు. చలికి ఆమె పెదాలు నల్లబడ్డాయి.

భీముడి కాళ్ళు పట్టుకున్నాను. జరిగిందే కావచ్చునని దొర అన్నాడు, అది నేను చెప్పలేదు అన్నాను. మొన్న నేదన్నావు, ఇయ్యేల ఉన్నాదంటన్నావు, నీది నోరా, సంతా అన్నాడు.

జనవరి 20

సోంబరు మావ వచ్చాడు. కొడతాడనుకున్నాను. తన పుస్తకం తెరిచి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా లేదో వేలితో చూపించమన్నాడు. చూపించాను. ఆ పేజీ మీద చెయ్యి ఆనించి ఏడ్చాడు. పెద్దవాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత లేచి ఇంటికెళ్ళి, కుండపెంకులో నిప్పులు తెచ్చి, పట్టపగలు అందరూ చూస్తుండగా అప్ప పొయ్యిలో పోశాడు.

లేని మాటకి నిప్పెందుకిచ్చావని అడిగాను.

పెబువు సెప్పినాడో నేదో నాకు తెల్దు బాబూ, ఆయన సెప్పకపోతే మరి నానే సెప్పాల కదా అన్నాడు.

జనవరి 21

సోంబరు మావ ఇల్లూ వెలి. ఆయన పెళ్ళాం పొయ్యి ఆర్పేసి పుట్టింటికి పోయింది.

జనవరి 22

అప్ప పొయ్యిలోంచి నిప్పులు తీసుకుని, ఊరి నడుమనుంచే ఆయన ఇంటికి పట్టుకెళ్ళాను. పెంకు చెయ్యి కాల్చింది. అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు. దారి నిండా రాళ్ళే.

రాయి తియ్యడానికి ఎవరూ వంగలేదు.