ఎండలో పెట్టిన సీసా

ఒరేయ్ సుబ్బారావూ,

నిన్న నీ సంవత్సరీకానికి భవానీపురంలో మీ ఇంట్లో భోంచేశాను. గారెలు బాగున్నాయి. నువ్వుంటే నాకు రెండు తక్కువ పడేవి. అది అలా ఉంచు.

కంటికి కనబడని బంగారు నలుసుల మీద వెలుగు పడేసి రసాయన చర్యలు నడిపిస్తున్నారని ఈమధ్య పేపర్లో వేశారు. "ఇది మేం మీ మేడమీద సీసా ఎండలో పెట్టి, నీళ్ళలో రంగు పోగొట్టి ఎప్పుడో చేశాం చెల్లెమ్మా" అన్నాను గొప్పగా. మీ ఆవిడ వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది.

"మీరు కిందకి దిగంగానే ఆయన సీసా మార్చేసేవారు అన్నయ్యగారూ. రంగు కలిపింది తీసేసి, కలపంది పెట్టేవారు. మీ మొహం చిన్నబోతే చూళ్ళేనన్నారు."

నువ్వు కెమిస్ట్రీ లెక్చరరువి. నేను ఏడో క్లాసుతో ఆపేసి రంగుల కొట్టు పెట్టుకున్నవాణ్ణి. బంగారం నలుసులైతే నీళ్ళు ఎర్రబడతాయనీ, వెలుగు తగిలితే ఆ నలుసుల్లోని ఎలక్ట్రాన్లు ఊగుతాయనీ, ఆ ఊపుకి నీళ్ళలో రంగు విరిగిపోతుందనీ నువ్వు చెబితేనే కదా, నా ఉంగరం కరిగించమని ఇచ్చింది! కొండపల్లి బొమ్మలవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మీ రంగునీళ్ళను ఎండే శుభ్రం చేస్తుందని చెప్పొచ్చాను. ఇప్పటికీ కనబడితే "మా సీసాలెప్పుడొస్తాయండీ?" అంటారు.

కాలేదని చెప్పుంటే మళ్ళీ ప్రయత్నించేవాళ్ళం కదరా. నన్ను పసిపిల్లాణ్ణి చేసి ఆడించావు.

ఇవాళ మీ మేడమీదే, నా ఉంగరంతో నువ్వు చేసినవాటిలో మిగిలిన ఎర్రటి బంగారు నీళ్ళలో నీలం రంగు కలిపి ఎండలో పెట్టి, కదలకుండా పక్కనే కూర్చున్నాను. సాయంత్రమైంది. నీలం పోయి మళ్ళీ ఎర్రబడాల్సిన నీళ్ళు ఇంకా ఊదాగానే ఉన్నాయి. ఇన్నేళ్ళలో నేను నిజంగా చూసిన ఫలితం ఇదొక్కటే.