మూడు డబ్బాలు, ఒక పెనం

ఎల్ ఆల్తో,
మార్చి 3, మంగళవారం

అమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, నేను అరుస్తాను, తర్వాత ఇద్దరం ఒకేసారి పెట్టేస్తాం. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయడం నీవల్ల కాదు. ఎలోయ్ అన్నయ్య రేపు పొద్దున్న మినీబస్సు తీసుకుని టికీనా రేవుకి వస్తాడు కదా, నీ చేపల వేపుడు కొట్టు దగ్గర ఆగి ఇస్తాడు. చేతులు తుడుచుకుని, కాస్త కూర్చుని చదువు.

క్లోతిల్దె అక్క నాకు ఎంత పెద్ద బేరం ఇచ్చిందో నీకు తెలుసు. పిల్లలు డబ్బులిచ్చి గంటల చొప్పున ఆటలాడుకునే కొట్టు ఆవిడది. జనవరి నెలాఖరులో ఆవిడకు మూడు కంప్యూటర్లు కట్టి ఇచ్చాను. మొదటి మూడు వారాలు గుర్రాల్లా పరుగెత్తాయి. కార్నివాల్ పండగ సెలవులయ్యాక కొట్టు తెరిచింది మొదలు ఒకటే గోల. అరగంట ఆడగానే తెర నల్లబడుతుంది, డబ్బా ఆగిపోతుంది. చల్లారనిస్తే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ అరగంటకు పడిపోతుంది. ఒకటి అయితే ఏదో అనుకోవచ్చు. మూడూ ఒకే వారంలో, ఒకే జబ్బుతో పడుకున్నాయి.

మా వీధిలో రెమిహియో అనే ఆయన ఉన్నాడు. అద్దాల కొట్టు, అన్నీ సీలు విప్పని పెట్టెలు, మెడలో టై. గురువారాలు, ఆదివారాలు సంతలో నేల మీద దుప్పటి పరిచి పాత సామాను అమ్ముకునే మా లాంటి వాళ్ళంటే ఆయనకు గిట్టదు. క్లోతిల్దె అక్క కొట్టు గుమ్మంలో నిలబడి, పదిమంది వినేలా అన్నాడు: "ఆ పిల్ల పెట్టినవి కాలిపోయిన కార్డులమ్మా. ఎక్కడో పగలూ రాత్రీ ఏళ్ళ తరబడి తిప్పి, పీల్చి పిప్పి చేసి పారేసినవి. పైన కాస్త తుడిచి నీకు అంటగట్టింది. లంగా కుచ్చిళ్ళు సర్దుకోవడం చేతనైతే చాలదు, స్క్రూ బిగించడం కూడా రావాలి."

అమ్మా, ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. నేను సామాను ఎలా ఏరుతానో నువ్వెప్పుడూ అడగలేదు, ఇప్పుడు చెబుతాను విను. గ్రాఫిక్స్ కార్డు కొనేముందు వాసన చూస్తాను. కాలింది దాచినా వాసన దాగదు. స్క్రూల తలలు చూస్తాను, ఎవరైనా ఇంతకుముందు విప్పి ఉంటే గీతలు చెబుతాయి. నా ఎదురుగా అరగంట ఆట ఆడించాకే బేరం మొదలుపెడతాను. ప్రాసెసర్లు ఆఫీసులు పారేసిన పెద్ద యంత్రాలవి, ముసలివే కానీ గట్టివి. మెమరీ ఒక్కటి పెట్టను, జత పెడతాను. అన్నీ పాతవి తీసుకున్నా కరెంటు ఇచ్చే పెట్టె మాత్రం కొత్తదే కొంటాను, ఎందుకంటే అది చస్తే పక్కనున్న వాటిని కూడా తీసుకుపోతుంది. క్లోతిల్దె అక్క పెట్టిన డబ్బుకి రెమిహియో ఒక్క డబ్బా ఇచ్చేవాడు. నేను మూడు ఇచ్చాను. ఆయన కడుపుమంట అదీ.

ఇంకొకటి చేశాను. నీకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇంత ఎత్తులో బంగాళాదుంపలు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఇక్కడ గాలి పలచన. ఫ్యాన్ ఎంత తిరిగినా వేడిని మోసుకుపోయేంత గాలి దొరకదు. పెట్టెల మీది లెక్కలన్నీ సముద్రపు ఒడ్డున కూర్చున్నవాళ్ళు రాసినవి. అందుకని డబ్బాల ముందు భాగం రంపంతో కోసేసి, జల్లెడ వల బిగించి, లోపల రెండేసి ఫ్యాన్లు అదనంగా పెట్టాను. ఆ తెలివి రెమిహియోకి లేదు.

కానీ క్లోతిల్దె అక్క ఇప్పుడు నన్ను డబ్బాలు ముట్టుకోనివ్వడం లేదు. "ముట్టుకున్నావంటే కాలిన ముక్కలు మార్చేస్తావట, ఆయన చెప్పాడు" అంటోంది. బతిమాలితే తెర మీద వేడి లెక్క మాత్రం చూడనిచ్చింది. తొంభై ఏడు డిగ్రీలు. మన దగ్గర నీళ్ళు ఎనభై ఏడుకే మరుగుతాయి. అంత వేడి ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియడం లేదమ్మా. నిజం చెబుతున్నాను, తెలియడం లేదు.

వచ్చే సోమవారం అమ్మకందారుల సంఘం కూడుతోంది. నా చోటు పీకేయాలని రెమిహియో అర్జీ పెట్టాడు. చోటు పోతే ఎల్ ఆల్తోలో ఏ వీధిలోనూ నన్ను కూర్చోనివ్వరు. నేనేం చేశానో తెలుసా? సంఘం పెద్ద సెవేరో తాత దగ్గరికి వెళ్ళి, "ఆ మూడు డబ్బాలూ సభకు తెప్పించండి. అందరి ముందూ నేనే విప్పుతాను. లోపల నా తప్పు కనిపిస్తే నేనే దుప్పటి మడిచేస్తాను" అన్నాను. రెమిహియో నవ్వాడు. నవ్వనీ.

ఇప్పుడు అసలు మాట. కార్నివాల్ మంగళవారం నువ్వు ఈ ఊరు వచ్చావు. అన్నయ్య మినీబస్సుకు రంగు కాగితాలు చల్లి, బీరు చిలకరించి, చక్రం చక్రానికీ మొక్కి దీవించావు. పిన్ని కుట్టు మిషన్ని దీవించావు. పక్కింటావిడ కొన్న ఫ్రిజ్జుకు కూడా పూలదండ వేశావట! సంత లేని రోజుల్లో నేను డబ్బాలు కట్టే చిన్న కొట్టుగది అక్కడికి రెండు వీధుల అవతలే. పొద్దున్నే ఊడ్చి, బీరు సీసా కొని తెచ్చుకుని, సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నాను. నువ్వు రాలేదు. మూడో ఏడు ఇది. "దయ్యాల ఆటల డబ్బాలకు నేను మొక్కను" అన్నావని అన్నయ్య నీళ్ళు నములుతూ చెప్పాడు. ఆ సీసా నేనొక్కదాన్నే తాగేసి పడుకున్నాను. ఇది ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు.

నేను ఓడిపోయి వస్తే నీ పెనం, నీ అట్లకాడ నా చేతికివ్వాలని చూస్తున్నావు. "చెడిపోతే రా, పెనం ఉంది" అని ఎన్నిసార్లు అన్నావో! సరే, పందెం. సోమవారం ఆ డబ్బాల్లో నేను పెట్టిన కాలిన ముక్క ఒక్కటి దొరికినా మంగళవారం పొద్దున్నే వచ్చి నీ పెనం ముందు నిలబడతాను. దొరకకపోతే ఆ పెనం మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు.

నీ పోలికే వచ్చిన మొండిది,
సెనోబియా


ఎల్ ఆల్తో,
మార్చి 10, మంగళవారం

అమ్మా,

ఈరోజు మంగళవారం. నేను రాలేదని గమనించే ఉంటావు.

నిన్న సభకు వీధి వీధంతా వచ్చింది. క్లోతిల్దె అక్క మూడు డబ్బాలూ తోపుడు బండి మీద తెచ్చి బల్ల మీద పెట్టించింది. రెమిహియో కొత్త టై కట్టుకొచ్చాడు. సెవేరో తాత గొంతు సవరించుకుని, "విప్పు తల్లీ" అన్నాడు. మొదటి స్క్రూ జారి కింద పడితే రెమిహియో పక్కవాడితో, "చూశావా, అదే నేను చెప్పింది" అన్నాడు.

మొదటి డబ్బా పక్క రేకు లాగాను. కాలిన వాసన రాలేదు. చేపలు వేయించిన నూనె వాసన వచ్చింది.

ఫ్యాన్ ఊడదీశాను. దాని వెనక వేడిని చల్లార్చే రేకులు ఉంటాయి, దువ్వెన పళ్ళంత దగ్గరగా. ఆ సందులన్నిట్లో కాగితం ముక్కలు కూరుకుపోయి ఉన్నాయి. ఎండిన పసుపు పూల రేకులు కూడా. పైన బీరు పడి బంకలా పట్టేసింది. డబ్బా వంచి తడితే బల్ల మీద కుప్పగా రాలాయి. రెండోదీ అంతే. మూడోదాని ఫ్యాను అసలు తిరగడం లేదు, దాని నడుముకు పూలదండలోని రంగు నూలు పోగు చుట్టుకుంది.

సభ ఒక్కసారి గొల్లున నవ్వింది. "దీవెన ఎక్కువైందిరోయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. క్లోతిల్దె అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కార్నివాల్ రోజున బేరం లేకపోయినా దీవెనకని తలుపు తీసి పెట్టా, ఒక పెద్దావిడ వచ్చిందే. ఎవరో తెలీదు. 'నీ యంత్రాలకు మొక్కుతానమ్మా' అంది. దీవిస్తానంటే కాదంటామా? నేను కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళా."

నేనప్పటికే ఒక ముక్క వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాను. బజారులో అమ్మే రంగు కాగితం కాదది. బడి నోట్సు కాగితం, కత్తెరతో కోసింది. నీలం సిరాతో సగం లెక్క, దాని మీద టీచరమ్మ పెట్టిన ఎర్ర టిక్కు. ఇంకో ముక్క మీద "సెనో" అని ఉంది. అది నా రాత. మూడో తరగతిలో ఆ ఎస్ అక్షరం బోర్లా పడుకున్నట్టు రాసేదాన్ని నేనే. కార్నివాల్ కాగితాలు ఎప్పుడూ కొనకుండా ఇంట్లోనే కోసుకునే మనిషి నాకు ఒక్కరే తెలుసు.

అమ్మా, అంతమందిలో నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. మూడేళ్ళు నా గుమ్మం తొక్కలేదు, ఎవరికీ చెప్పకుండా పరాయి కొట్టుకి వెళ్ళి నా డబ్బాల ముందు మోకాళ్ళు వంచావు!

రెమిహియో ఊరుకోలేదు. "ఎవరో ముసల్ది చెత్త పోసింది సరే. ఎవరని? ఈ పిల్లే పోయించుకుని ఉండొచ్చుగా?"

నేను ఆ ముక్క పైకెత్తి పట్టుకుని చెప్పాను. "అది మా అమ్మ. సతుర్నీనా, టికీనా రేవులో చేపలమ్మే సతుర్నీనా. చెత్త అన్నావంటే నీ టై నీ నోట్లో కుక్కుతాను. తప్పులో సగం నాది. గాలి బాగా రావాలని పెద్ద కన్నాల జల్లెడ వేశాను. గాలితో పాటు దీవెన కూడా వెళ్తుందని ఆలోచించలేదు. చిన్న కన్నాల వల వేసి ఇస్తాను, ఊరికే. కానీ కాలిన ముక్క ఉందన్నావే, రా, వచ్చి చూపించు."

ఆయన కుర్చీలోనే కూర్చుని టై సవరించుకున్నాడు. సెవేరో తాత టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "దీవించినందుకు శిక్ష వేసిన సంఘం ఇంతవరకూ లేదు, మనం మొదలుపెట్టొద్దు" అన్నాడు. అప్పుడు మూల నుంచి మందుల కొట్టాయన లేచాడు. "రెమిహియో గారూ, కార్నివాల్ నుంచి నా డబ్బా కూడా ఇలాగే ఆగిపోతోంది. మీరేమో పవర్ సప్లై పోయింది, కొత్తది కొనమన్నారు." ఇంకొకావిడ లేచి, "నన్నూ అదే కొనమన్నాడు, కొన్నాను కూడా" అంది. ఆ తర్వాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఆ గోలలో ఎప్పుడు జారుకున్నాడో, రెమిహియో కుర్చీ ఖాళీగా ఉంది.

నా చోటు నాకే ఉంది. క్లోతిల్దె అక్క డబ్బాలు రాత్రికల్లా కడిగి, ఆరబెట్టి, వేడిని లాగే కొత్త పేస్టు రాసి ఇచ్చాను. ఇప్పుడు ఎంత ఆడినా డెబ్భై దాటడం లేదు. ఈ పొద్దున కొట్టు తెరిచేసరికి గుమ్మంలో పదకొండు డబ్బాలు వరసలో ఉన్నాయి, అన్నిటి కడుపులోనూ కాగితాలే.

పందెం నేను గెలిచాను. వచ్చే కార్నివాల్‌కి నా కొట్టుకే రా, పగలే రా, నన్ను పిలిచి మరీ రా. కాగితాలు మాత్రం డబ్బా బయట, పై మూత మీద చల్లు. బీరు నేల మీద వంపు, భూమితల్లి పచమామ తాగుతుంది.

ఇంకా కోపంగానే ఉన్న నీ కూతురు,
సెనోబియా


టికీనా రేవు,
శనివారం

సెనోబియా,

నీ రెండుత్తరాలూ చదివా. మొదటిది చదివి జవాబు రాయలేదు, ఏం రాయాలో తెలీక. ఎలోయ్‌ని తిట్టకు. నేనే నోరు మూయించా.

ఆ బీరు సీసా సంగతి నాకు తెలీదే. నువ్వు గుమ్మంలో కూర్చునుంటావని అనుకోలేదు. నీ ఎదురుగా వచ్చి వంగితే "చూశావా అమ్మా, చివరికి నువ్వే వచ్చావు" అంటావు. ఆ మాట పడ్డం నావల్ల కాదు. అందుకని నువ్వు కట్టినవి ఎక్కడున్నాయో వాడినడిగి అక్కడికే పోయా.

కాగితాలు పొరపాట్న లోపలికి పోలేదు. నేనే తోశా. పైన చల్లితే సాయంత్రానికి ఊడ్చి పారేస్తారు. జల్లెడ కన్నాలు కనబడ్డాయి, లోపల అయితే ఉండిపోతాయని వేలితో ఒక్కొక్కటీ తోశా. చాలాసేపు పట్టింది. నీ నోట్సుల్లో టిక్కు పెట్టిన పేజీలే ఏరి కోశా. తప్పులున్నవి పెట్టెలో అలాగే ఉన్నాయి, అవి దేనికీ వాడను.

పందెం ఓడిపోయా. పెనం మాట ఎత్తను. పెనం నేనే పట్టుకుంటా, నా చేతులకింకా ఏం కాలేదు. ఎలోయ్ చేతికి వేయించిన చేపలు పంపుతున్నా, వేడిగా ఉన్నప్పుడే తిను. తిన్న చేత్తో డబ్బాలు ముట్టుకోకు.

వచ్చే ఏడు పగలే వస్తా, నీ గుమ్మంలోకే వస్తా. అయితే బయట చల్లమంటే మాత్రం చల్లను. నువ్వే మూత తీసి పెట్టు. నేను లోపల వేస్తా, మర్నాడు నువ్వు కడుక్కో.

మీ అమ్మ,
సతుర్నీనా