తండ్రి పేరు

నాయనకు, నీ కూతురు రత్నమ్మ పాదాలకు మొక్కి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. నీ మోకాలి నొప్పి, పెద్దనాయన ఆయాసం తగ్గాయా? గొర్రెలు ఎన్ని ఈనాయి? ముదిగుబ్బలో వాన పడిందా, మబ్బులు ముఖం చూపించి పోయాయా?

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని తిట్టుకోకు. కాగితం మీద జరిగిన తప్పును కాగితం మీదే దిద్దాలి. దీన్ని పెద్దనాయన చేతనే చదివించుకో.

నాయనా, గెలిచాం. నువ్వు నాతో కెనడాలో శాశ్వతంగా ఉండడానికి అనుమతి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చి, బూట్లకున్న మంచు కూడా దులపకుండా ఆ కాగితం మూడుసార్లు చదివాను.

నీకు తెలిసిన కథే, పెద్దనాయన నోటితో ఇంకోసారి విను. నన్ను బడిలో చేర్చిన రోజు నువ్వు మందను తోలుకొని కర్నూలు వైపు మేతకు పోయావు. తండ్రి పేరేమని అయ్యవారు అడిగితే, "ఇంటికి పెద్దోన్ని నేనుండంగా వాని పేరెందుకప్పా" అని పెద్దనాయన తన పేరే రాయించాడు. ఆ పేరు పాస్‌పోర్టు దాకా నా వెంట వచ్చింది. నీకోసం దరఖాస్తు పెడితే, నువ్వు నా తండ్రివని రుజువేమిటన్నారు కెనడా ఆఫీసువాళ్లు. మనిద్దరి నోళ్లలో దూదిపుల్ల తిప్పి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే నమ్ముతామన్నారు.

"మందలో అరుపు విని యా పిల్ల యా తల్లిదో చెప్తా నేను. నా బిడ్డ నా బిడ్డేనని ఒకరు నాకు చెప్పల్లనా?" అన్నావు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. చనిపోయిన అమ్మ మీద మాట పడినట్టు నాకూ ఏడుపొచ్చింది. చివరికి నిన్ను బెంగళూరుకు పిలుచుకుపోయింది పెద్దనాయనే. "తప్పు నాదిరా, నోరు తెరువు" అన్నాడటగా.

వచ్చేటప్పుడు నీ కంబళి మరచిపోకు, ఇక్కడి చలికి అదే సరి. వేయించిన చెనక్కాయలు తే. రాగిపిండి దొరుకుతుంది, సంగటి నేనే కెలుకుతాను. ఇన్నేళ్లు ఒక్కదాన్నే తిన్నాను, ఇక చాలు. మందను పెద్దనాయనకు అప్పగించు.

పెద్దనాయనా, నీ మీద కోపం లేదు. మీ ఇద్దరి దీవెనలు నాకు కావాలి. ఈ ఆఖరి వరుస మాత్రం నాయనకు వినపడేటట్టు గట్టిగా చదువు.

ఇట్లు,
రత్నమ్మ
తండ్రి పేరు: నారాయణప్ప